సైరన్ కూయగానే దిగిపోయిన పైలట్

భయం లేని మనిషినని నన్ను నేనే నమ్మిన కాలం ఒకటుండేది. అప్పట్లో నా ఆస్తి నల్ల కళ్లద్దాలు, చిన్న విమానాలు నడిపే లైసెన్సు, ఒక ప్రైవేటు కంపెనీలో టెస్ట్ పైలట్ ఉద్యోగం. పెద్ద బెలూనుకు గుండ్రటి గదిని వేలాడదీసి, అందులో యాత్రికులను అంతరిక్షపు అంచుదాకా తీసుకుపోయి, అక్కడ బెలూనును వదిలేసి పారాచూట్‌తో కిందికి దించాలని ఆ కంపెనీ ఆశ. (కంపెనీ అంటే అద్దాల భవనం ఊహించుకోకండి. హైదరాబాదు శివార్లలో ఒక రేకుల షెడ్డు.) పైకి పోయేటప్పుడు ఆ గది ఎక్కడ వణుకుతోందో, ఎక్కడ కిర్రుమంటోందో లోపల కూర్చుని చెప్పడమే నా పని. అప్పటిదాకా నా సీట్లో ఇసుక మూటలు ప్రయాణం చేశాయి. మనిషితో చేసే మొదటి పరీక్షకు విశాలమైన చోటు కావాలన్నప్పుడు, మార్కాపురం పక్కన మా ఊరి బీడు ఉందని నేనే చెప్పాను. మావాళ్ల కళ్లముందు ఎగరాలన్న కోరిక తప్ప అందులో వేరే శాస్త్రమేమీ లేదు.

ముందురోజు సాయంత్రం నాయన (పలకల క్వారీలో రాయి కొట్టి నన్ను చదివించిన మనిషి) నా మొహం చూసి మెల్లగా అడిగాడు. "భయం గాదా అబ్బాయ్?"

"భయమేంది నాయనా, లిఫ్టులో దిగినట్లే."

"నేను లిఫ్టు ఎక్కలేదులే" అన్నాడాయన. వైమానిక దళంలో చేసి వచ్చిన మా కెప్టెన్ సార్ అడిగినప్పుడూ అదే లిఫ్టు జవాబు చెప్పాను. నిజానికి వారం నుంచి నాకు ముద్ద దిగడం లేదు. కళ్లు మూస్తే చాలు, పారాచూట్ విచ్చుకోకుండా మూటగానే కిందికి వస్తున్నట్టు కనిపించేది.

పొద్దున్నే ఊరంతా బీడులో చేరింది. "ఏంరా, ఇసక మూటలు అయిపోయినాయా, నిన్ను కూర్చోబెడతాండారు?" అంది పక్కింటి పెద్దమ్మ. అందరూ నవ్వారు. నేనూ నవ్వి, వీరుడిలా చెయ్యి ఊపి, గదిలోకి ఎక్కి బెల్టు బిగించుకున్నాను. తలుపు ఇంకా వెయ్యలేదు. పైన బెలూను ఉబ్బుతోంది, తాళ్లు మూలుగుతున్నాయి. అప్పుడు సైరన్ కూసింది.

మా ఊరి పిల్లలకు అక్షరాలకన్నా ముందు వచ్చే చదువొకటుంది. సైరన్ కూసిందంటే క్వారీలో మందు పేలబోతోందని అర్థం. చేతిలో ఏమున్నా వదిలేసి పరుగెత్తాలి, దొరికిన చాటున తలమీద చేతులు పెట్టుకుని కూలబడాలి. నాకు తెలివి వచ్చేసరికి నేను ట్రాక్టరు ట్రాలీ కింద ఉన్నాను, రెండు చేతులూ నెత్తిమీదే. పక్కన అదే భంగిమలో పెద్దమ్మ. ఆమె పక్కన నాయన. గట్టు చాటున మిగతా ఊరు. బీడు మొత్తమ్మీద నిలబడి ఉన్నది మా ఇంజనీర్లే, మాకందరికీ ఒకేసారి ఏం పట్టిందో తెలియక. (తాళ్లు వదలబోతున్నాం, దూరం జరగండి అని చెప్పడానికే పాపం వాళ్లు ఆ సైరన్ పెట్టారు.)

"నువ్వెందుకొచ్చినావురా?" అంది పెద్దమ్మ ఆశ్చర్యంగా. "నువ్వు పైకి పోవాల్సినోడివి గదా!"

కెప్టెన్ సార్ వచ్చి, వంగి, ట్రాలీ కిందికి చూశారు. "ఏమైందయ్యా?"

"బెల్టు ఒకసారి సరిచూద్దామని దిగాను సార్."

"ఇక్కడ కనబడిందా?" ఆయన నవ్వలేదు. "పరుగెత్తినందుకు నిన్ను తీసెయ్యను. ఎన్నిసార్లు అడిగినా లిఫ్టు అన్నావు. నీ వణుకే చెప్పలేనివాడివి, ఆ గది వణుకు ఏం చెబుతావు? నీకన్నా మూటలే మేలు. వెనక్కి పంపేస్తాను."

ఎగరడమంటే ఎంత భయమో, ఎగరనివ్వరంటే అంతకన్నా భయం వేసింది. "భయమేస్తోంది సార్" అన్నాను. "వారం నుంచీ."

"నాకైతే వీడు ఈ ఉద్యోగంలో చేరినప్పటినుంచీ సార్" అన్నాడు నాయన, మోకాళ్ల దుమ్ము దులుపుకుంటూ.

కెప్టెన్ సార్ ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. "సరే, ఎక్కు."

మళ్లీ సైరన్ కూసింది. ఊరంతా మళ్లీ కూలబడింది. నేను మాత్రం సీటును రెండు చేతులా కరిచిపట్టుకుని, కళ్లు మూసుకుని కూర్చున్నాను. తలుపు పడింది, నేల జారిపోయింది. రేడియోలో నేను పంపిన నివేదిక ఇలా సాగింది: "ఎడమవైపు కిర్రుమంటోంది సార్. భయంగా ఉంది. కిటికీ దగ్గర వణుకు. భయం పెరిగింది." "ఎంత?" అన్నారాయన. "శానా సార్." "మంచిది, చెబుతూ ఉండు." బెలూనును వదిలించుకున్న క్షణాన నా పేగులన్నీ పైనే ఉండిపోయాయి. పారాచూట్ విచ్చుకున్నాకగాని అవి కిందికి దిగలేదు.

కందిచేలో దిగాను. తలుపు తీశారు. పెద్దమ్మ ఉప్పూ మిరపకాయలూ గుప్పిట పట్టుకుని వచ్చి నా చుట్టూ తిప్పింది. కెప్టెన్ సార్ ఇంజనీర్లను బెలూను గుడ్డ ఏరుకు రమ్మని పంపేసి, నా చెవి దగ్గర మెల్లగా అన్నారు: "నాకూ ఒకసారి తిప్పమని చెప్పవయ్యా."

ఇప్పుడు కొత్తగా చేరే పైలట్లకు నేనే శిక్షణ ఇస్తున్నాను. ఎవడైనా కుర్రాడు ఛాతీ విరిచి, "నాకు భయం లేదు సార్" అంటే కోపం రాదు, నవ్వు వస్తుంది. ఆ మాట అనడానికి వాడెంత భయపడి ఉండాలో నాకు తెలుసు.