అయిదో నెల వెళ్ళేదాకా

మా ఇంట్లో ఆడవాళ్ళ జబ్బు సంగతి మగవాళ్ళే డాక్టరుకి చెప్పేవారు. తాతగారి రోజుల్లో డాక్టరు బండి కట్టించుకుని మా ఇంటికే వచ్చేవాడట. అప్పుడు కూడా నాయనమ్మ తలుపు వెనకే నిలబడితే, తాతగారు ఆవిడ నొప్పిని తన నొప్పిలా వివరించేవారట. నా దాకా వచ్చేసరికి బండీ లేదు, ఇంటికొచ్చే డాక్టరూ లేడు. పొలాలు పోయేయి. ఇంట్లో సగం ఒక కొబ్బరి వర్తకుడు కొట్టుగా వాడుకుంటున్నాడు. నేను హైస్కూల్లో గుమాస్తాని. అలవాటు మాత్రం పోలేదు. దాన్ని పోనివ్వకుండా పట్టుకోవడమే మర్యాదనుకునేవాణ్ణి.

ఇది డెబ్బైల చివరి సంగతి. నా భార్యకి మొదటిసారి మూడో నెలలో గర్భం పోయింది. అప్పటికే మా అమ్మ ఊరంతా చెప్పేసింది. ఆ తర్వాత పలకరించడానికి వచ్చినవాళ్ళ జాలి అమ్మ భరించలేకపోయింది. అందుకని రెండోసారి నెల తప్పగానే ఆంక్ష పెట్టింది.

"ఈసారి అయిదో నెల వెళ్ళేదాకా మాట ఈ గుమ్మం దాటకూడదు. డాక్టరుతోనైనా సరే."

నాకూ అదే సబబుగా తోచింది. నెలకోసారి ఆరోగ్య కేంద్రం నర్సమ్మ వీధిలోకి వచ్చి, కడుపుతో ఉన్నవాళ్ళెవరైనా ఉన్నారాండీ అని అడిగేది. అమ్మ లేరని చెప్పేది. లోపల వంటింట్లో నా భార్య ఆ మాట వింటూ కూర పొయ్యి మీంచి దింపేది.

అయిదో నెల సగంలో ఆమెకి జ్వరం, దగ్గు పట్టుకున్నాయి. మిరియాల కషాయంతో నాలుగు రోజులు చూసేం. తగ్గలేదు. ఊళ్ళో మందులిచ్చే కాంపౌండరు దగ్గరికి వెళ్ళేను. వాళ్ళ నాన్న ఒకప్పుడు మా బండి తోలేవాడు. నేను గుమ్మంలో కనిపిస్తే ఇతను కుర్చీలోంచి లేచి నిలబడేవాడు. అలా లేవడం నాకు ఇష్టంగా ఉండేది.

"రండి బాబుగారూ. ఎవరికండి?"

"మా ఇంట్లో. నాలుగు రోజుల్నించి జ్వరం. దగ్గితే కఫం పచ్చగా పడుతోంది."

"నేనొచ్చి ఓసారి అమ్మగారిని చూస్తానండి."

"చూడ్డానికేముంది? చెప్పేను కదా."

అతను మాత్రల డబ్బా మీద చెయ్యి వేసి ఆగేడు. బల్ల మీద ముగ్గురు నలుగురు కూర్చుని ఉన్నారు. గొంతు తగ్గించి అడిగేడు.

"ఏమనుకోకండి. అమ్మగారు ఒట్టి మనిషేనా అండీ? నెల తప్పి ఉంటే మందు మార్చి ఇవ్వాలి. అందుకని."

"మీ నాన్న మా ఇంట్లో పదిహేనేళ్ళు పనిచేసేడు. ఒక్కనాడూ మా లోపలి సంగతి అడగలేదు."

"ఆయ్," అని తలొంచుకున్నాడు. "అయితే అలాంటిదేం లేదు కదండీ?"

"లేదు."

ఆ ఒక్క మాట నేనే అన్నాను. పక్కన అమ్మ లేదు. ఎవరూ నాచేత అనిపించలేదు.

పసుపుపచ్చ గొట్టం మాత్రలు పొట్లం కట్టి ఇచ్చేడు. రోజుకి నాలుగు చొప్పున ఎనిమిది రోజులు. మూడో రోజుకే జ్వరం దిగింది. నా పెద్దరికం పనిచేసిందని లోపల్లోపల సంతోషించేను కూడా.

అయిదో నెల వెళ్ళేక అమ్మే స్వయంగా నలుగురికీ చెప్పింది. అప్పుడు నా భార్యని అమలాపురంలో ఒక లేడీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేను. పంటు మీద ఏరు దాటి, అవతల బస్సెక్కేం. వసారాలో బల్ల మీద ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఉన్నారు. నా భార్య పక్కన మా పక్క ఊళ్ళో కొబ్బరి తాళ్ళు పేనే మనిషి కూర్చుంది. నేను గోడ దగ్గర నిలబడ్డాను.

"ఎన్నో నెలమ్మా?" అంది ఆ మనిషి.

"ఆరు."

"ఇప్పుడా రావడం? నేను మూడో నెల్నించీ వత్తన్నాను. ఒక్కసారి మానేత్తే డాక్టరమ్మ తిడతాది. రక్తానికి మాత్రలిత్తారు. అవి ఏసుకుంటే దొడ్డికి నల్లగా అవుతాది, బెదిరిపోయి మానెయ్యకు. మా తోడికోడలు అలాగే మానేసి నెత్తురు లేక పాలిపోయింది."

నా భార్య చిన్నగా నవ్వింది. చాలా రోజులకి నవ్వడం. నేను మొహం తిప్పుకున్నాను.

లోపల బరువు తూచేరు, రక్తపోటు చూసేరు, మూత్రం, రక్తం పరీక్షకి తీసుకున్నారు, ధనుర్వాతం రాకుండా సూది వేసేరు. అంతా అయ్యేక డాక్టరుగారు, "ఈ నెలల్లో మందులేమైనా వాడేరా?" అని అడిగేరు.

"లేదండి," అన్నాను. ఆమెని అడిగినదానికి నేను జవాబు చెప్పడం అలవాటు.

"వాడేనండి," అంది నా భార్య. పరాయివాళ్ళ ఎదుట నా మాట కాదనడం అదే మొదలు. చీర కొంగు ముడి విప్పి, కాగితంలో చుట్టిన గొట్టం మాత్ర ఒకటి బల్ల మీద పెట్టింది. "ఎందుకో భయం వేసి ఒకటి దాచేనండి. అయిదో నెలలో, జ్వరానికి."

డాక్టరుగారు దాన్ని వేళ్ళ మధ్య తిప్పి చూసేరు. "టెట్రాసైక్లిన్. కడుపుతో ఉన్నారని ఇచ్చినాయనకి చెప్పలేదా?"

"నేను చెప్పలేదండి," అన్నాను.

"బిడ్డకి చిగుళ్ళ లోపల పళ్ళు గట్టిపడే రోజులవి. ఈ మందు వాటిలోకి దిగుతుంది. ప్రాణానికి ముప్పు ఉంటుందనుకోను. పళ్ళు రంగు మారి రావచ్చు, మామూలుగానే రావచ్చు. వచ్చేదాకా తెలీదు."

"ఇప్పుడేం చెయ్యాలండి?"

"దానికి చేసేదేం లేదు. అలాగని జ్వరాన్ని వదిలేసినా ప్రమాదమే. ఇలాంటప్పుడు పనికొచ్చే మందు వేరే ఉంది. చెప్తే ఆయనే ఇచ్చేవాడు." తర్వాత మాటంతా నా భార్యతోనే. "తలనొప్పి బిళ్ళ అయినా సరే, వేసుకునేముందు కడుపుతో ఉన్నానని నువ్వే చెప్పమ్మా. వాడమన్న మందు నీ అంతట నువ్వు ఆపెయ్యకు, అదీ అడుగు. నెలనెలా రా, ఎనిమిదో నెలనించి ఇంకా తొందరతొందరగా రావాలి. మొహం వాచినా, కళ్ళు బైర్లు కమ్మినా, రక్తం కనిపించినా, బిడ్డ కదలిక తగ్గినట్టనిపించినా ఆ రోజే రావాలి." అప్పుడు నా వైపు చూసేరు. "ఆమె రావాలండి. ఆమె బదులు మీరొచ్చి చెప్పడం కాదు."

తిరుగు ప్రయాణంలో పంటు ఏటి మధ్యకి వచ్చేక నా భార్య అడిగింది.

"కాంపౌండరు మిమ్మల్ని అడగలేదా?"

"అడిగేడు."

గట్టు మీద దిగేటప్పుడు, "వచ్చే నెల ఆ తాళ్ళు పేనే ఆవిడతో కలిసి వెళ్తాను. మీరు సెలవు పెట్టక్కర్లేదు," అంది. అలాగే చేసింది. అమ్మా, నేనూ అడ్డుపడలేదు.

ఆడపిల్ల పుట్టింది. మంచి బరువు, మంచి ఏడుపు. అందరూ మొహం చూసి మురిసిపోతుంటే నేను చిగుళ్ళు చూసేవాణ్ణి. ఎనిమిదో నెలలో కింద పన్ను మొలిచింది. కిటికీ దగ్గరికి ఎత్తుకెళ్ళి పెదవి దించి చూసేను. బూడిద కలిసిన పసుపు. తర్వాత వచ్చినవన్నీ అదే రంగు.

"పాలపళ్ళే కదా, ఊడిపోతాయి," అంది అమ్మ.

మర్నాడు కాంపౌండరు దగ్గరికి వెళ్ళి, బల్ల మీద మనుషులుండగానే, ఆ రోజు నేను అబద్ధం చెప్పేనని చెప్పేను. అతను లేచి నిలబడే విన్నాడు.

"నాకు అప్పుడే అనుమానం వచ్చిందండి," అన్నాడు. "మీరు లేదన్నాక కాదనడానికి నోరు రాలేదు బాబుగారూ."

కూర్చోమన్నాను. కూర్చోలేదు.

బళ్ళో పిల్లలు మా అమ్మాయిని తుప్పుపళ్ళు అని పిలిచేవారు. నవ్వొచ్చినప్పుడల్లా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం దానికి అక్కడ అలవాటైంది. ఏడో ఏట నించీ ఆ పళ్ళు ఒక్కొక్కటే ఊడి, తెల్లటివి వచ్చేయి. డాక్టరుగారు చూసి, ఇక బెంగ లేదన్నారు. చెయ్యి మాత్రం ఇప్పటికీ నోటి దగ్గరికి వెళ్తుంది. దించమని వాళ్ళమ్మ చెప్తుంది. నేను చెప్పలేను. అది నవ్వుతుంటే నేను పక్కకి చూస్తాను.