టాపు లేని జీపులో అత్తమ్మ

డెబ్బయ్యో దశకంలో, పెళ్లయిన కొత్తలో గోదావరిఖనిలో ఉండేవాళ్లం. బొగ్గుబావిలో ఫిట్టరుగా పనిచేసే మా ఆయన ఎండాకాలం రాగానే వేలంలో ఒక పాత మిలిటరీ జీపు కొన్నారు. దానికి టాపు లేదు, తలుపులూ లేవు.

"క్వార్టర్ల ఉడికిపోతున్నం. డ్యూటీ దిగినంక గోదారి ఒడ్డుకు పోదాం" అన్నారు. నా పెళ్లికి ముందే మామయ్య పోయారు. అప్పటి నుంచి గడప దాటని అత్తమ్మను బతిమాలి ముందు సీట్లో కూర్చోబెట్టారు. నేను వెనక ఎక్కాను.

నది వైపు దిగే వాలులో జీపు ఒక్కసారిగా జోరందుకుంది.

"బ్రేకులు పడ్తలెవ్వు! గట్టిగ పట్టుకోండ్రి!" అని ఆయన అరిచారు.

ఎదురుగా ఎడ్లబండి వస్తోంది. భయంతో కళ్లు మూసుకున్నాను. ఆయన స్టీరింగు పక్కకు తిప్పేశారు. జీపు ఎగిరెగిరి పడుతూ ఇసుకలోకి దిగి, చక్రాలు కూరుకుపోయి ఆగింది.

"అవ్వా, దెబ్బ తాకిందా?" అంటూ ఆయన తల్లి వైపు వంగారు.

అత్తమ్మ రెండు చేతులతో మొహం కప్పుకుంది. భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తోందనుకుని దూకి వెళ్లి చేతులు తీశాను. ఆమె నవ్వుతోంది! కళ్ల వెంట నీళ్లు కారేలా నవ్వుతోంది.

"పెళ్లయిన కొత్తల మీ నాయిన సైకిల్ మీదికెల్లి నన్ను గిట్లనే పడగొట్టిండు కొడుకా!"

ఆయన నవ్వబోయి ఏడ్చేశారు. అత్తమ్మ కొంగుతో కొడుకు మొహం తుడిచింది.

బ్రేకులు బాగుచేయించాక సాయంత్రమైతే చాలు, ఆమే ముందుగా వెళ్లి జీపులో కూర్చునేది. దారి పొడవునా మామయ్య ముచ్చట్లే. నేనెన్నడూ చూడని మామయ్యతో నాకు పరిచయమైంది ఆ జీపులోనే.

— సుగుణ, గోదావరిఖని