మార్గరెట్ అడిగిన మాట

ఈ మాట ఇన్నేళ్లుగా నా గొంతులోనే ఉండిపోయింది. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు గనుక మీతో చెప్పడం కొంచెం తేలిక.

అప్పట్లో సిడ్నీలో, మోసం కేసులు వాదించే బారిస్టర్ల ఆఫీసులో వైటూకే పని, అంటే రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీ తప్పి మొరాయించకుండా చూసే పని, చేసేవాణ్ణి. ఒక్కో కంప్యూటర్‌లో తేదీని రెండువేల సంవత్సరానికి జరిపి, ఏదో ఒక ఫైలు తెరిచి, సరిగా పనిచేస్తోందో లేదో చూడాలి. ఏ ఫైలైనా సరిపోయేది. సెక్రటరీ మార్గరెట్ కంప్యూటర్‌లో మాత్రం సలీం అంకుల్ పేరున్న ఫైలే తెరిచాను. ఎందుకు? ఊరికే, ఏముందో చూద్దామని.

సలీం అంకుల్‌ది కర్నూలు. నేను సిడ్నీలో దిగిన కొత్తలో, ఊరి శివార్లలో కెల్లీవిల్‌లోని తన ఇంట్లో ఉంచుకుని అన్నం పెట్టిన మనిషి. ఆ ఫైల్లో ఉన్నది, ఆయన తమ సాఫ్ట్‌వేర్ కంపెనీలో మోసం చేశాడని భాగస్వామి చేసిన ఫిర్యాదు; ఆ భాగస్వామి తరఫున వాదిస్తున్నది మా ఆఫీసే. మర్నాడు చెప్పాపెట్టకుండా వెళ్లి ఆయన కంప్యూటర్లు పట్టుకోవడానికి కోర్టు అనుమతి కూడా వచ్చేసింది.

ఆయన దొంగా? ఆయనను కాపాడాలనే వెళ్లానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను గానీ అది అబద్ధం; ఆ సంగతి చెవిన పడితే ఆయన ముఖం ఎలా మారుతుందో చూడాలనిపించింది, అంతే. ఆ సాయంత్రమే ఆయన ఇంటికి వెళ్లాను.

“అంకుల్, రేపు ఎవరైనా ఆఫీస్‌కొచ్చి మీ కంప్యూటర్లు చెక్ చేస్తామంటే?”

“చేసుకోనీలే బేటా. ముందు ఆ చాయ్ తాగు, చల్లారిపోతాంది.”

ముఖం మారలేదు. హమ్మయ్య అనుకున్నాను.

మర్నాడు కోర్టు అనుమతి పట్టుకుని భాగస్వామి తరఫు వాళ్లు ఆయన ఆఫీసుకు వెళ్లేసరికి కంప్యూటర్లన్నీ ఖాళీ. దొంగే కాబట్టి తుడిచేశాడా, బెదిరిపోయి తుడిచేశాడా? ఇప్పటికీ తెలియదు. ఇప్పటికీ తెలుసుకోవాలనే ఉంది, సిగ్గులేకుండా.

రహస్యం ముందే పొక్కిందని ఆఫీసులో అందరికీ అర్థమైంది. ఆ కాగితాలు టైప్ చేసింది మార్గరెట్. అనుమానం ఆమె మీదకే పోయింది. కంప్యూటర్లు బాగుచేసేవాడు కేసులు చదువుతాడని ఎవరికీ తట్టలేదు. ఆమె ఉద్యోగం పోయింది. ఆమె భర్త మంచం పట్టి ఉన్నాడని, ఇల్లు ఆమె జీతం మీదే నడుస్తోందని నాకు తెలుసు. నా వీసా ఏమవుతుందోనని నోరు విప్పలేదు. పిరికివాణ్ణి.

వెళ్లిపోయే రోజు టీ కప్పు బ్యాగులో సర్దుకుంటూ నన్ను దగ్గరికి పిలిచింది. ఎవరు చేశారో ఎప్పటికైనా తెలిస్తే తనకు చెప్పమంది. కోపంతో కాదట, ఊరికే తెలుసుకుందామనట. అలాగేనని తలూపాను.

మార్గరెట్, అది నేనే.