పిల్చర్ పోసిన ముంత

ఆంబ్రోస్ పిల్చర్ చేతికి కొలత తెలియదు. వర్జీనియాలో, కోర్టు మెట్లకు సరిగ్గా ఎదురుగా ఇరవై ఏళ్ళుగా సారాకొట్టు నడుపుతున్నాడు. ఈ ఇరవై ఏళ్ళలో ఇద్దరికి ఒకేలా పోసిన పాపాన పోలేదు. ఒకడి ముంతలో వాననీళ్ళు, పక్కవాడి ముంతలో నిప్పు.

"బాబాయ్, ఇది తాగితే నాకు జలుబు చేసేట్టుంది" అంటాడు కమ్మరి.

"నాకేమో చెవుల్లోంచి పొగలొస్తున్నాయి!" అంటాడు పక్కవాడు.

"సరిపోయిందిగా. సగటు చూసుకోండి" అంటాడు పిల్చర్.

"పోనీ మేమిద్దరం మార్చుకుంటాం."

"ముంత కదిలిందో, వీపు పగిలిపోద్ది. ఎవడికి పోసింది వాడే తాగాలి!"

తిట్టుకుంటూనే అందరూ అక్కడికే వచ్చేవాళ్ళు. కోర్టు దగ్గర మరో కొట్టు లేదు మరి.

ఎన్నికల రోజున మాత్రం పిల్చర్ కొట్టు కిటకిటలాడేది. పోటీ చేసే భూస్వామి కర్నల్ థార్న్‌లీ దొర పేరు మీద వచ్చినవాడికల్లా రమ్ము ఊరికే పోసేవాళ్ళు. తాగి, రోడ్డు దాటి, షెరీఫు బల్ల ముందు నిలబడి, ఎవరికి ఓటో గట్టిగా చెప్పాలి. ఆ బల్ల పక్కనే కుర్చీలో కర్నల్ కూర్చుని ఉంటాడు. వింటాడు. గుర్తు పెట్టుకుంటాడు. ఆయన పొగాకు తోటల్లో బానిసలకు నోరే లేదు. కౌలుదార్లకు ఉంది కానీ, అది ఆయన కోసమే తెరవాలి.

కిందటి ఎన్నికల్లో ఈనక్ పెటస్ అనే కౌలుదారు, కర్నల్ మీద పోటీకి నిలబడ్డ హాలిడే గారి పేరు చెప్పాడు. మంచు పడే వేళకు ఈనక్ ఇంటికి కర్నల్ తాళం పడింది. బండిలో తిరుగుతుండగానే అతని చిన్నకూతురు చలికి చచ్చిపోయింది. గడ్డకట్టిన నేలను గొడ్డలితో కొట్టి గొయ్యి తవ్వింది పక్క పొలం గిడియన్ లార్కమ్.

ఆ గొడ్డలి దెబ్బల చప్పుడు గిడియన్‌ను ఇప్పటికీ వదల్లేదు. అతనిదీ కర్నల్ భూమే. నలుగురు పిల్లలు. అయినా ఈసారి హాలిడే పేరే చెప్పాలని నిశ్చయించుకున్నాడు. భార్య మార్తా వద్దనలేదు. ఏడుస్తూనే దుప్పట్లు మూటకట్టింది.

పొద్దున్నే కొట్టుకొచ్చి, "బాబాయ్, ధైర్యానికి ఒక్క ముంత" అన్నాడు గిడియన్.

"ఎవరికిరా ఓటు?"

"హాలిడే గారికి."

పిల్చర్ అతని మొహంలోకి కాసేపు చూసి, వెనక గదిలోంచి బకెట్టంత ముంత తెచ్చాడు. "ఒక్కటే అన్నావుగా. ఇదే ఆ ఒక్కటి. వదలకుండా తాగు."

గిడియన్‌కు మెలకువ వచ్చేసరికి బల్ల కింద ఉన్నాడు. కిటికీలో ఎండ వాలిపోయింది. ఓట్ల లెక్క ముగిసింది. చుట్టూ పదిమంది గుర్రుపెడుతున్నారు. పదిమందీ కర్నల్ కౌలుదార్లే.

లేవబోయి కూలబడి, అక్కడి నుంచే పిల్చర్ కాలు పట్టుకున్నాడు. "నా నోరు నొక్కేశావు కదయ్యా! ఈనక్ ముఖం ఎలా చూడను?"

"ఈనక్‌కి ఆవేళ ధైర్యం పోసింది నేనేరా" అన్నాడు పిల్చర్. "నాలుగు ముంతలు. నవ్వుతూ పోశాను. ఆ పిల్ల నా వల్లే పోయింది. మళ్ళీ ఇంకో గొయ్యి నా వల్ల కాదు."

అంతలో తలుపు ధడాలున తెరుచుకుంది. బెత్తం పట్టుకుని కర్నల్, వెనకాల వేడుక చూడ్డానికి హాలిడే మనుషులు. కర్నల్ తొమ్మిది ఓట్లతో ఓడిపోయాడు.

"నా కౌలుదార్లేరీ?"

పిల్చర్ వినయంగా బల్లల కిందికి చూపించాడు.

"వీళ్ళకి ఇంత తాగించిన వెధవ ఎవడు?"

"తమరే దొరగారూ! తమ పేరు మీదే కదా పోయించారు. తమ ఆరోగ్యం కోరి ఒకటి, గెలుపు కోరి ఒకటి, తమ తాతగారి పేరున ఇంకొకటి... అభిమానం ఎక్కువైపోయింది, పాపం."

హాలిడే మనుషులు విరగబడి నవ్వారు. తన రమ్మే తాగి పడిపోయారని కౌలుదార్లను వెళ్ళగొడితే ఆ నవ్వు రాజధాని దాకా పాకుతుందని కర్నల్‌కు తెలుసు. మొహం కందగడ్డ చేసుకుని వెళ్ళిపోయాడు. వేడుక అయిపోయిందని మిగతావాళ్ళూ కదిలారు.

బల్ల కింద గురక ఆగింది.

"పోయాడా బాబాయ్?" ఒకడు ఒంటికన్ను తెరిచి గుసగుసగా అడిగాడు. రెండోవాడు లేచి నడుము విరుచుకున్నాడు. పదిమందీ దులుపుకుని శుభ్రంగా నిలబడ్డారు. పొద్దుణ్ణించి వాళ్ళు తాగింది ఒట్టి నీళ్ళు.

ఇంకా నిలబడలేకపోతున్న గిడియన్ నోరెళ్ళబెట్టాడు. "మరి నాకొక్కడికే ఎందుకయ్యా నిప్పు పోశావు?"

"నీకు అబద్ధం ఆడ్డం రాదురా" అన్నాడు పిల్చర్, చంకల కింద చెయ్యేసి లేపుతూ. "నిన్ను నిజంగానే పడెయ్యాల్సొచ్చింది."