గుప్పెడు నూకలకు అమ్మిన పిల్ల

నేను విజయనగరంలో ఇత్తడి సామాన్ల కొట్టు వెనక పుట్టి పెరిగాను. బేరమాడడం వచ్చాకే నాకు మాటలు వచ్చాయని మావాళ్లంటారు. అలాంటిదాన్ని, పందొమ్మిది వందల అరవైల చివర్లో, సాలూరులో అత్తవారింట ఒక బేరంలో బొత్తిగా మోసపోయాను.

తొలి బిడ్డ పురిట్లోనే పోయింది. అందుకని రెండో పిల్లను ఆచారం ప్రకారం చేటలో పడుకోబెట్టి, గుప్పెడు నూకలు పుచ్చుకుని మా పెద్ద తోడికోడలికి అమ్మాను. పరాయి బిడ్డ అనుకుని చావు దాని జోలికి రాదని నమ్మకం.

పిల్ల ఆ అమ్మకాన్ని ఖాయం చేసేసింది. ఆవిడకు పిల్లల్లేరు. పిల్ల ఆవిడ చేతి ముద్దే తినేది, ఆవిడనే అమ్మా అనేది. నేను పిన్నిని. పదిమంది మసిలే ఇంట్లో అది ఎవరికీ తప్పుగా తోచలేదు, నాక్కూడా. పిల్లకు మూడేళ్లప్పుడు మా ఆయనా నేనూ గరివిడిలో కొట్టు పెట్టాం. బయల్దేరేనాడు ఎత్తుకోబోతే పిల్ల ఆవిడ మెడ పట్టుకుని ఒకటే ఏడుపు.

"నాను కొన్నాను కదేటి, ఇవ్వను," అంది తోడికోడలు. నవ్వుతూనే అంది గానీ, పిల్లను చంక దింపలేదు.

అత్తగారు చింతపండు గింజలు తీస్తూనే తీర్పు చెప్పారు. "ఒలే, లాగితే పిల్ల సెయ్యి ఊడొస్తాది. పెద్దకోడల్నీ అట్టుకెళ్లు. నీ సేత్తో పిల్ల తినీవరకూ ఉంటాది."

"నెల్లాళ్లుంటాను," అంది తోడికోడలు.

"అయిదు రోజులు సాలక్కా."

"ఇరవై."

"అక్కడ ఉన్నాది ఒక్క గదక్కా. పది."

పదికి కుదిరింది. నెగ్గానని మురిశాను.

గరివిడిలో బెల్లం ముక్కలిచ్చాను, రంగు గాజులిచ్చాను. పిల్ల అన్నీ పుచ్చుకుని ఆవిడ ఒళ్లోకే పోయేది. అంత గడుసు ఖాతాదారును మా నాన్న కొట్టులో కూడా చూడలేదు.

"లంచాలాపి నా పక్కన కూకో," అంది తోడికోడలు. ఆనాటి నుంచి ఒకే కంచంలో కలిపి, ఆవిడొక ముద్ద పెడితే నేనొకటి పెట్టేదాన్ని. నాది ఉమ్మేసేది. నాలుగు రోజులకు మింగింది. తొమ్మిదోనాడు ఆవిడ నీళ్లకు వెళ్లినప్పుడు, పిల్ల తనంతట తానే వచ్చి నా ముందు నోరు తెరిచింది.

ఆవిడ బిందె దించి, ఖాళీ కంచం చూసింది. చీరలు మడత పెట్టడం మొదలెట్టింది. పిల్ల దొరికిన సంతోషం సగమైంది నాకు. పెళ్లయ్యాక ఆవిడ లేని ఇంట్లో నేనొక్క పూటైనా ఉండి ఎరగను.

"ఇంకో ఇరవై రోజులుండక్కా."

"గది సాలదన్నావు?"

"సర్దుకుందాం."

"అయిదు," అంది ఆవిడ, బేరం నా దగ్గరే నేర్చుకుని.

"పదిహేను."

ఆవిడ చీర పక్కన పడేసి, పిల్లను ఒళ్లోకి లాక్కుని కూర్చుంది. "ముందు నాకూ రెండు ముద్దలెట్టు. తరవాత సూద్దాం."