నాయి

నా ఉద్యోగం ఏమిటని ఊళ్లో ఎవరైనా అడిగితే, "కుక్కను సూసి కుక్క అని ఎట్ల గుర్తువడతమో, గది సూస్తం" అని చెప్పేదాన్ని. వాళ్లు నా వైపు కాసేపు జాలిగా చూసి, దానికి జీతం కూడా ఇస్తారా అని అడిగేవారు. అంతకంటే తేలిగ్గా చెప్పడం నాకు ఇప్పటికీ రాదు. చిన్నపిల్ల రెండు మూడు కుక్కల్ని చూస్తే చాలు, నాలుగోదాన్ని తానే వేలుపెట్టి చూపిస్తుంది. కంప్యూటర్‌కు వేల బొమ్మలు చూపించాలి. ఒక భావన మనిషిలో ఎలా కుదురుకుంటుంది, యంత్రంలో ఎలా కుదురుకుంటుంది, రెండూ ఎక్కడ విడిపోతాయి, ఇదీ హైదరాబాదులో మా ల్యాబు పని.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు, ఆ పని కోసమే మా గొర్రెల మందకు ఫొటోలు తీశాను. మాది మక్తల్ దగ్గర ఊరు. మందను మేపేది చిన్నాయిన, ఏలేది మాత్రం నన్ను పెంచిన అవ్వ. గొర్రెకొక ఫొటో చొప్పున మక్తల్ స్టూడియోలో కార్డుల్లా వేయించి అవ్వ ముందు పరిచాను.

"ఒక్క తీరుగున్నయి ఒక్కకాడ పెట్టవ్వా. ఎట్లైనా సరే, నీ ఇష్టం."

అవ్వ గొంగడి మీద కాళ్లు చాపుకుని చకచకా కుప్పలు పెట్టింది. మొహాన తెల్లచుక్క ఉన్నవి ఒకచోట, చెవులు పొట్టివి ఒకచోట. మూడో కుప్ప, కాపరి కన్ను మరలగానే పక్కవాళ్ల చేనులో పడే దొంగలది. అది చూసి మురిసిపోయాను. ఫొటోలో కనిపించని గుణం కదా, యంత్రం తిప్పలు పడుతుందనుకున్నాను. చివరికి పదకొండు కార్డులు మిగిలాయి. ఒకటి నల్లది, ఒకటి ఎర్రది, ఒకటి పళ్లూడిన ముసలిది, రెండు పిల్లలు, ఒక పొట్టేలు, ఇలా ఒకదానికొకటి పొంతన లేదు.

"గివేందవ్వా?"

"గివి నాయి."

"అన్నీ నీయే గదా!"

"అన్ని మందయి. గివి నాయి."

ఆ కుప్పలో నా పాస్‌పోర్టు ఫొటో కూడా ఉంది. ఏదో దరఖాస్తు కోసం అదే స్టూడియోలో దిగింది, అదే కవర్లో కలిసి వచ్చింది. నేను పడీ పడీ నవ్వాను. "నన్ను వోయి గొర్రెల్ల కలిపినవ్. కండ్లద్దాలు మార్వాలె నీకు" అని ఫొటో తీసి పర్సులో పెట్టుకున్నాను.

"నా కండ్లు మంచిగనే ఉన్నయ్ తియ్" అని అవ్వ రొట్టెలు చేయడానికి లేచింది.

చదువుకున్నదాన్నన్న పొగరు నాకు తక్కువేం కాదు. ల్యాబుకు వచ్చి ఆ పదకొండింటికి ఎదురుగా 'చెప్పింది అర్థం చేసుకోలేదు' అని రాసి, వాటిని పక్కన పడేశాను. చుక్కల్నీ చెవుల్నీ కంప్యూటర్ బాగానే పట్టుకుంది, దొంగల దగ్గర బోల్తా పడింది. మా సారు మెచ్చుకున్నాడు.

ఆ తర్వాత రెండేళ్లకు అవ్వ పోయింది. మోకాళ్లు అరిగి చిన్నాయిన మందను వదిలేశాడు. నాకు మాత్రం ఆ కుప్ప మీంచి మనసు మళ్లేది కాదు. ల్యాబులో ఎవరైనా కార్డులు సర్దుతుంటే, అవ్వ చేతులే కనిపించేవి. ఆ పదకొండూ దేనివల్ల ఒకటయ్యాయో ఆమె నోటనే వినాలని ప్రాణం కొట్టుకునేది. దారినపోయేవాళ్లను కూడా కూర్చోబెట్టి 'ఇది ఇక్కడెందుకు పెట్టారు' అని అడిగి జీతం తీసుకునేదాన్ని, ఎదురుగా ఉన్న అవ్వను ఆ ఒక్క మాట అడగలేదు.

పోయిన ఎండాకాలం ఊరికి వెళ్లినప్పుడు ఆ కార్డులు చిన్నాయిన చేతికిచ్చాను. ఆయన ఒక్కొక్కటీ వెలుతురుకు పట్టి చూశాడు.

"గీ ముసల్దాని తల్లి వానలకు సచ్చింది. గీ నల్లదాని తల్లిని తోడేలు గుంజుకపోయింది. గీ పొట్టేలు తల్లి ఈనుకుంటనే పాణం ఇడిసింది. అన్ని తల్లి లేనియే బిడ్డా. మీ అవ్వ మేకను కదలకుంట వట్టుకొని, దాని పాలు తాపి సాదింది వీటిని. గిది తెల్వదా నీకు?"

నన్ను కనడానికి దవాఖానకు వెళ్లిన మా అమ్మ తిరిగి ఇంటికి రాలేదు. అవ్వ మేకపాలలో దూది ముంచి నా నోట్లో పిండేదని ఊరంతా చెప్పగా వింటూనే పెరిగాను. అయినా ఆ రోజు నాకు తట్టలేదు.

పర్సులోంచి ఆ ఫొటో తీసి పదకొండు కార్డుల పక్కన పెట్టాను. చిన్నాయిన దాన్ని మిగతావాటితో కలిపి కుప్ప సరిచేశాడు. అవ్వ నన్ను పెట్టాల్సిన చోటే పెట్టింది. నవ్వుకుంటూ అందులోంచి తీసేసింది నేనే.