పెదనాన్న, పెళ్ళికొడుకు సైలెన్సర్

మా పెదనాన్న ఎవరినీ నమ్మడు. ఇది నేను గిట్టక అంటున్న మాట కాదు, ఆయనే గొప్పగా చెప్పుకునే మాట. జ్వరం వస్తే రెండు థర్మామీటర్లు పెట్టుకుంటాడు. రెండూ ఒకే అంకె చూపిస్తే, రెండూ కూడబలుక్కున్నాయంటాడు. పెదమ్మ కాఫీలో పంచదార వేశానంటే, చెంచాతో గ్లాసు అడుగంతా గాలించిగానీ తాగడు.

ఇలాంటి మనిషికి మోటారుసైకిళ్ళ షెడ్డు ఉండడం ఆయన అదృష్టం. బండి బాగుచేయించుకోవడానికి వచ్చినవాళ్ళెవరూ నిజం చెప్పరు కదా. "ఏమీ చెయ్యలేదండీ, దానంతటదే ఆగిపోయింది" అంటారు. పెదనాన్న బండిని పక్కనపెట్టి ముందు మనిషిని పట్టుకుంటాడు. ఎవరికి అరువిచ్చావు, ఎక్కడ పడేశావు, పెట్రోల్లో ఏం కలిపావు అని ఆరా తీస్తాడు. చెయ్యని తప్పులు కూడా ఒప్పుకుని వెళ్ళినవాళ్ళున్నారు.

అందరికంటే ఎక్కువ అనుమానం మాత్రం సైలెన్సర్ మార్చినవాళ్ళ మీద. కంపెనీ సైలెన్సర్ పీకేసి, ఊరు అదిరిపోయేది ఒకటి తగిలించుకుంటారు. అది పొగను ధారాళంగా వదులుతుంది, దాంతో ఇంజన్ గాలి ఎక్కువ పీలుస్తుంది. పెట్రోలు మాత్రం పాత కొలతే. లోపల మంట వేడెక్కి, ఎప్పుడో ఒకరోజు నడిరోడ్డు మీద ఇంజన్ బిగుసుకుపోతుంది, వెనక చక్రం అక్కడికక్కడే ఆగిపోతుంది. అందుకని సైలెన్సర్ మారిస్తే పెట్రోలు కొలత కూడా మార్చాలి. ఆ పని చేయించకుండా తిరిగేవాడు పెదనాన్న దృష్టిలో సగం హంతకుడు.

మా అక్క, అంటే పెదనాన్న కూతురు, పెళ్ళి చేసుకుంటానన్న అబ్బాయి మొదటిసారి ఇంటికి వచ్చింది అలాంటి బండి మీదే.

అతను అచ్చుయంత్రం దగ్గర పనిచేస్తాడు. మేమంతా ప్రెస్సబ్బాయి అంటాం. నెమ్మదస్తుడు, గట్టిగా తుమ్మడు కూడా. బండి మాత్రం వీధి మొదట్లోంచే ఇంట్లో గిన్నెలు కదిలించింది. గేటు దగ్గర వేగం తగ్గించేసరికి టపటపా పేలింది. పెదనాన్న అబ్బాయి నమస్కారం చూడలేదు. సరాసరి వెళ్ళి బండి పక్కన గొంతుకూర్చుని, నీలంగా కాలిన గొట్టాన్ని చూశాడు.

"సైలెన్సర్ మార్చావా?"

"మార్చానండీ."

"ట్యూనింగ్ చేయించావా?"

"అంటే ఏంటండీ?"

పెదనాన్న లోపలికి వచ్చి, ఈ సంబంధం వద్దన్నాడు. లోపల ఏమీ మార్చకుండా పైపైన మార్చుకునేవాణ్ణి నమ్మకూడదట. పెదమ్మ వంటింట్లోంచే, "మన పెళ్ళికి మీరు జుట్టుకు రంగేసుకొచ్చారు. లోపలేం మార్చుకున్నారో చెప్పండి" అంది.

చివరికి పెదనాన్న అక్క మొహం చూసి ఒక మెట్టు దిగాడు. పాత సైలెన్సర్ పెట్టేసుకుంటే పెళ్ళికి ఒప్పుకుంటానన్నాడు. ప్రెస్సబ్బాయి తల దించుకున్నాడు.

"అది మాత్రం కుదరదండీ."

ఎందుకని ఎంత అడిగినా నోరు విప్పలేదు. పెదనాన్నకు అంతకంటే కావలసిందేముంది? వారం తిరక్కుండా ఒక నిర్ణయానికి వచ్చేశాడు. ఏదో వీధిలో ఎవరో ఆడమనిషి ఆ చప్పుడు కోసం ఎదురుచూస్తోందట, అది గుర్తుపట్టి బయటికి వస్తుందట, అందుకే తియ్యడట. అక్క తండ్రితో మాట్లాడడం మానేసింది. కంచం ముందు కూర్చుని లేచిపోతోంది. ఆయనకూ అన్నం దిగడం లేదు గానీ, ఆ మాట ఒప్పుకుంటే పెదనాన్న ఎందుకవుతాడు?

ఒకరోజు సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని ప్రెస్సబ్బాయి ఉండే సందుకు బయల్దేరాడు. సాక్షి ఎందుకంటే, తన కళ్ళ మీద కూడా ఆయనకు పూర్తి నమ్మకం లేదు. అబ్బాయి ఇంటికి ఎదురుగా టీకొట్టు బల్ల మీద, పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాం.

వరండాలో అబ్బాయి తల్లి బట్టలు మడతపెడుతోంది. గ్యాస్ బండ తెచ్చినతను గేటు గడగడలాడించాడు, పిలిచాడు. ఆవిడ తలెత్తలేదు. అతను లోపలికి వెళ్ళి ఎదురుగా నిలబడ్డాకగానీ చూడలేదు. కాసేపటికి సందు మలుపులో బండి చప్పుడైంది. ఆవిడ చేతిలో బట్ట ఆగిపోయింది. మొహం విప్పారింది. లేచి గబగబా పొయ్యి వెలిగించడానికి లోపలికి వెళ్ళింది.

"చెప్పానా, ఆడమనిషేనని" అన్నాడు పెదనాన్న. ఆ మాటలో పస లేదు.

అడక్కుండానే టీకొట్టాయన చెప్పుకొచ్చాడు. ఆవిడకు చెవులు మందగించాయి. కొడుకు వచ్చిందీ లేనిదీ తెలియక రోజూ వీధిలోకి వచ్చి నిలబడేదట. ఆ సైలెన్సర్ పెట్టాక ఆ బాధ తప్పింది. చెవుడని తెలిస్తే కొడుక్కి పిల్లనివ్వరేమోనని, ఎవరికీ చెప్పొద్దని అతని చేత ఒట్టు వేయించుకుందట.

పెదనాన్న టీ తాగేశాడు. చెంచా అడగలేదు. తిరిగి వస్తూ ఇంట్లో ఏం చెబుదామని నేనడిగితే, "ఏం చూశామని చెప్పడానికి?" అని కసిరాడు. నాకు ఆయన మీద ఎప్పుడూ లేనంత ప్రేమ కలిగింది.

మర్నాడు బండిని షెడ్డుకు తెప్పించాడు. పెట్రోలు వదిలే జెట్టు తీసి, పెద్ద రంధ్రమున్నది వేశాడు. ఒక చుట్టు తిరిగొచ్చి, ప్లగ్గు విప్పి, మంట సరిగ్గా ఉందో లేదో చెప్పే దాని రంగు చూసి నమ్మలేదు. మళ్ళీ తిరిగాడు, మళ్ళీ విప్పాడు. సాయంత్రానికి పేలుడు పోయింది, వేడి తగ్గింది. చప్పుడు మాత్రం వీసమెత్తు తగ్గనివ్వలేదు. ఇంటికొచ్చి, సంబంధానికి సరేనన్నాడు, అనుమానం మాత్రం అలాగే ఉందన్నాడు. అక్క ఆ పూట రెండుసార్లు వడ్డించుకుంది.

మాటలు ఖాయం చేసుకోవడానికి అందరం వాళ్ళింటికి వెళ్ళాం. గడపలో అడుగుపెట్టింది మొదలు పెదనాన్న అరుపులే. "బాగున్నారా?" అని అరిచాడు. "ముహూర్తం మీ ఇష్టం!" అని అరిచాడు. గోడ మీది బల్లి పారిపోయింది. పెదమ్మ మోచేత్తో పొడిచేకొద్దీ గొంతు ఇంకా పెంచాడు. అబ్బాయి తల్లి ప్రతి మాటకూ నవ్వుతూ సరిగ్గా జవాబు చెప్పింది, మావాళ్ళలో ఒక్కరికీ ఏ అనుమానమూ రాలేదు. ప్రెస్సబ్బాయి మాత్రం పెదనాన్న వంక అలాగే చూస్తూ ఉండిపోయాడు. పెదనాన్న అతని వైపు గుడ్లురిమి, కాఫీలో పంచదార తక్కువైందని అరిచాడు.

దారిలో పెదమ్మ తలంటింది. "కొత్త వియ్యపురాలి ఇంట్లో ఆ కేకలేమిటండీ? ఆవిడ గనక సరిపోయింది. అన్నిటికీ నవ్వుతూనే జవాబు చెప్పింది, ఒక్కసారైనా విసుక్కోలేదు."

"అదే" అన్నాడు పెదనాన్న, గొంతు తగ్గించి. "నాకూ అదే అనుమానంగా ఉంది."